ప్రీవార్ మల్లుగుడ్డ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉప్పూ చింతపండూ వాడినంత మామూలుగా వాడే ఇంగ్లీషు మాట ఒకటి ఉండేది. ప్రీవార్. మా అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, దాన్ని పోర్టు వర్క్‌షాపు నుంచి ఇంటికి తెచ్చాడు. ఆయన అక్కడ ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. దొరల కాలంలో చేరినవాడు కనక కొన్ని ఇంగ్లీషు మాటలు నోటికి పట్టాయి. వాటిల్లో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కొత్తగా కొన్న తాళంకప్ప మొరాయిస్తే "ఇప్పటి సరుకు" అని పక్కన పడేసేవాడు. పాతది టక్కున తెరుచుకుంటే దాన్ని అరచేతిలో ఆడించి "ప్రీవారు" అనేవాడు. ఆయన గొడుగు ప్రీవారు. గోడ గడియారం ప్రీవారు. మా వీధి మొగలో కొళాయి ప్రీవారు. ఎనభై దాటినా శనగలు పటపట నమిలే ఎదురింటి ముసలమ్మ పళ్ళు కూడా ప్రీవారే.

ఆ మాటలో యుద్ధం ఉందని నాకు తెలియదు. మంచిది, గట్టిది అనడానికి అదొక మెప్పు అనుకున్నాను. అందుకే ఒకరోజు బళ్ళో మా టీచరుగారు కొత్త చీర కట్టుకొస్తే, ఆవిడ మీద నాకున్న ప్రేమంతా కూడగట్టుకుని, చీర ప్రీవార్‌గా ఉందండీ అన్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఒకసారి చూసుకుని, మొన్న దీపావళికి కొన్నదే అని నవ్వి, తర్వాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అర్థం చెప్పారు. ప్రీవార్ అంటే యుద్ధానికి ముందుది అని. ఏ యుద్ధం అంటే మీ తాతగారినే అడుగు అన్నారు.

అడిగాను. ఆయన గడ్డం గోక్కుంటూ చెప్పాడు. దొరల కాలంనాటి పెద్ద యుద్ధంలో మా ఊరి మీద విమానాలొచ్చి బాంబులు వేసిన సంగతి అప్పుడే మొదటిసారి విన్నాను. అవి మండువేసవి రోజులట. పోర్టు దగ్గర బాంబులు పడగానే ఊరు ఊరంతా కదిలిపోయిందట. రైలు దొరికినవాళ్ళు రైల్లో, బండి దొరికినవాళ్ళు బండిలో, ఏదీ దొరకనివాళ్ళు నడిచీ వెళ్ళారట. మా అమ్మమ్మ ఎలమంచిలి దగ్గరున్న పుట్టింటికి వెళ్ళింది. ఇల్లంతా వదిలేసి రెండే రెండు తీసుకుందట. కుట్టుమిషను నెత్తిన, పలచటి తెల్ల మల్లుగుడ్డ తాను చంకన. మా అమ్మ చిన్న పిల్ల, ఆవిడ కొంగు పట్టుకుని నడిచింది. తాతయ్య పోర్టు వదిలి రావడానికి లేదు, ఉండిపోయాడు.

ఆ మిషను, ఆ మల్లుగుడ్డ మా ఇంట్లోనే ఉండేవి. చేత్తో తిప్పే మిషను. దాని మీద ఎప్పుడూ ఒక దుప్పటి కప్పి ఉండేది. గుడ్డేమో తాతయ్య మంచం కింద ట్రంకుపెట్టెలో, వేపాకు, కర్పూరం మధ్య పడుకుని ఉండేది. అమ్మమ్మను నేను చూడలేదు. మా అమ్మ పరికిణీలు కట్టుకునే వయసులోనే ఆవిడ జ్వరం వచ్చి పోయింది. ఆవిడ పోయిన దగ్గర్నించి మిషనుకు దుప్పటీ, పెట్టెకు తాళమూ పడ్డాయి. మా అమ్మకు కుట్టు వచ్చు, అమ్మమ్మే నేర్పింది. అయినా చిరిగిన జాకెట్టుకు అతుకేయాలంటే మా అమ్మ చేతి సూదితో వేసుకునేది గానీ దుప్పటి తియ్యమని ఆయన్ని అడిగేది కాదు. నేను దుప్పటి అంచు లేపి మిషను పిడి ముట్టుకోబోతే మాత్రం కేక వినపడేది. "ఓలే, అది ప్రీవారు మిషనే. సెయ్యెట్టకు."

మాది వన్ టౌన్‌లో ఒకే వాకిలి ఉన్న రెండు వాటాల ఇల్లు. పక్క వాటాలో క్రైస్తవుల కుటుంబం. మా నాన్న, ఆ ఇంటాయన పోర్టులో ఒకే షిఫ్టు, ఒకరినొకరు బావా అనుకునేవారు. వాళ్ళకు ఒక్కతే కూతురు. నేను పక్కింటి అక్క అనేదాన్ని. టైపు నేర్చుకుని హార్బరు రోడ్డులో ఓడల వ్యవహారాలు చూసే ఒక ఆఫీసులో చేరింది. ఆదివారం వాళ్ళ గుడికి, అంటే చర్చికి, వెళ్ళొచ్చాక నా తలకు నూనె రాసి రెండు జడలు వేసేది. మా అమ్మ లాగి వేస్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి, అక్క వేస్తే నిద్రొచ్చేది. ఇంతకన్నా గొప్పగా ఆ అక్కను ఎలా పరిచయం చెయ్యాలో నాకు తెలియదు.

ఆ ఆఫీసుకు కాగితాల పని మీద వచ్చే ఒకాయన అక్కను చూశాడు. సరుకు ఓడలో ఇంజను గదిలో పని ఆయనకు. భీమిలి మనిషి. వాళ్ళన్నయ్య వచ్చి మాట్లాడుకున్నాడు, అందరికీ నచ్చింది. కాకపోతే పెళ్ళి ముహూర్తం ఓడ చేతిలో ఉంది. ఆయన ఓడ మా హార్బరుకు వచ్చి సరుకు దింపుకునే రోజుల్లోనే పెళ్ళి జరగాలి. వెళ్ళిందంటే మళ్ళీ ఏడాదికో, రెండేళ్ళకో. ఓడ వచ్చింది. గుడిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివారు. తెల్లపట్టు చీర బయటి ఊరి నుంచి తెప్పించారు. సరిగ్గా అప్పుడు యుద్ధం వచ్చింది.

డెబ్బై ఒకటి చివర్లో వచ్చిన యుద్ధం అది. పిల్లలకు యుద్ధమంటే మొదట పండగలాగే ఉంది. బడికి సెలవలిచ్చారు. సాయంత్రం కాగానే ఊళ్ళో దీపాలన్నీ ఆర్పేసేవారు. బస్సుల లైట్లకు సగం వరకు నల్లరంగు పూశారు. సైరను మోగితే మంచాల కిందికి దూరి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం. పెద్దవాళ్ళ మొహాలు చూశాక మెల్లగా ఆ నవ్వు తగ్గింది. మాది హార్బరు పక్క వీధి. బాంబు వేసేవాడు ఎక్కడ వేస్తాడో మా వీధిలో పెద్దవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటికి తాళాలేసి ఊళ్ళకు పోయేవాళ్ళు పోతున్నారు. మా వీధి టైలరు కూడా కొట్టు మూసేసి వెళ్ళిపోయాడు.

కిటికీలకు నల్లగుడ్డ కట్టాలని ఊళ్ళో చాటింపు వేశారు. ఊరంతా ఒక్కసారి నల్లగుడ్డ మీద పడితే ఎక్కణ్ణించి వస్తుంది? కొట్లవాళ్ళు తెల్ల తానులకు కూడా రంగేయించి అమ్మేశారు, అవీ అయిపోయాయి. అందుకని మా రెండు వాటాల వాళ్ళూ కలిసి వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి, నీళ్ళు కాచే పెద్ద అండా ఎక్కించి, నల్లరంగు పొట్లాలు కలిపి పాత దుప్పట్లు ఉడకేశారు. అక్క వాళ్ళ నాన్న ఉత్సాహం మనిషి. లుంగీ పైకి దోపుకుని, పొడుగాటి కర్ర పట్టుకుని, ఇంట్లోంచి పాత దుప్పటి కనపడినదల్లా తెచ్చి అండాలో వేస్తున్నాడు. ఇంట్లో అన్నిటికన్నా పాత దుప్పటి ఒకటి బీరువా మీద మూటగా ఉంది. అదీ తెచ్చి వేశాడు.

పెళ్ళిచీరకు దుమ్ము తగలకూడదని అక్క వాళ్ళమ్మ దాన్ని మెత్తటి పాత దుప్పటిలో చుట్టి బీరువా మీద పెట్టింది. కంటికి శుక్లం వచ్చి ఆవిడకు చూపు సరిగా ఆనేది కాదు, చేతికి అందే చోట ఉంటే తడిమి చూసుకోవచ్చని అక్కడ పెట్టుకుంది. కర్ర తగిలి మూట విప్పుకుని పైకి తేలింది చీరేనని మొదట చూసింది మా అమ్మ. అమ్మ కర్ర లాక్కుని పైకి తీసేసరికి ఆలస్యమైపోయింది. పట్టు ఒకచోట నల్లగా, ఒకచోట బూడిదరంగుగా, మచ్చలు మచ్చలుగా వాకిట్లో నీళ్ళోడుతూ వేలాడింది.

అక్క వాళ్ళ నాన్న ఆ వేడి రాళ్ళ పక్కనే చతికిలబడ్డాడు. అక్క ఏడవలేదు. ఆఫీసు నుంచి వచ్చి, చీర చూసి, గుమ్మంలో కూర్చుని చీర అంచు పిండుతూ ఉండిపోయింది. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. నేను పక్కన కూర్చున్నాను. నా జడ ముట్టుకోబోయి, రంగు అంటుతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే భీమిలి నుంచి పెళ్ళికొడుకు అన్నయ్య వచ్చాడు. చీర సంగతి తెలియకముందే ఆయన ఒక మాట అనుకుని వచ్చినట్టున్నాడు. చుట్టాలెవరూ బస్సెక్కడానికి సిద్ధంగా లేరు, సాయంత్రమైతే దీపం పెట్టుకోవడానికి లేదు, ఇది పెళ్ళికి వేళ కాదన్నాడు. చీర చూశాక ఆయనకు ఇంకా బలం వచ్చింది. పెళ్ళికూతురి చీర నల్లబడటం మంచిది కాదని ఆయనతో వచ్చిన ఒకావిడ చెవులు మూసుకుంది. తెల్లచీర ఇంకొకటి కొందామన్నా ఊళ్ళో తెరిచిన కొట్లో తెలుపన్నది లేదు. అక్క వాళ్ళ నాన్న తప్పంతా తనదే కాబట్టి ఎదురు చెప్పే స్థితిలో లేడు. తల వంచుకుని కూర్చుని, వాళ్ళు ఏమంటే దానికి ఊఁ కొడుతున్నాడు. యుద్ధం అయిపోయాక చేద్దాం అన్న మాట దగ్గర అందరూ ఆగారు.

అక్క తలుపు వెనక నిలబడి ఉంది. నన్ను దగ్గరికి లాక్కుని నా భుజం గట్టిగా పట్టుకుంది. "ఆ ఓడ ఎల్లిపోద్దే," అంది నాతోనే, మెల్లగా. "యుద్దంలో ఎల్లిన ఓడ. ఎప్పుడొత్తాదో ఏటో."

మా తాతయ్య వాకిట్లో కుర్చీలో కూర్చుని ఇదంతా వింటున్నాడు. యుద్ధం మొదలైనప్పటినుంచీ ఆయన మాట తక్కువైంది. విన్నంతసేపు విని, లేచి లోపలికి వెళ్ళాడు. మంచం కింది ట్రంకుపెట్టె బరబరా లాగిన చప్పుడైంది. మా అమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చింది, వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ పెట్టె తెరవడం తన పెళ్ళికి కూడా ఆవిడ చూడలేదు.

ఆయన మల్లుగుడ్డ తాను రెండు చేతుల మీద ఎత్తుకుని బయటికి తెచ్చి వాకిట్లో మంచం మీద పెట్టాడు. వేపాకు పొడి రాలింది. పైమడత విప్పాడు. గుడ్డ పసుప్పచ్చగా ఉంది. మడత దగ్గర వేలితో ఇలా అన్నాడో లేదో, గుడ్డ చప్పుడు లేకుండా రెండుగా విడిపోయింది. ఇంకో మడత విప్పాడు. అదీ అంతే. గట్టిగా లాగనక్కర్లేదు, ఊరికే ముట్టుకుంటే చాలు. ప్రీవారు, ప్రీవారు అని నేను పుట్టినప్పటినుంచీ విన్న గుడ్డ మా అందరి ఎదుటా అప్పడంలా విరిగిపోయింది.

నాన్నా, ఒద్దు, లోపలెట్టెయ్యి అంది మా అమ్మ. ఆ గుడ్డ గురించి కాదు, ఆయన మొహం చూడలేక అంది. ఆయన ఆగలేదు. ఒక్కొక్క మడతా విప్పుకుంటూ గుడ్డ లోపలి మడతల్లోకి వెళ్ళాడు. వెళ్ళగా వెళ్ళగా పసుపు తగ్గింది. మడతలు నిలబడ్డాయి. చివరికి ఆ తాను నడిమి భాగంలో తెల్లటి మల్లుగుడ్డ బయటపడింది. కొత్త గుడ్డకు ఉండే నిగనిగ దానికి లేదు, కానీ తెలుపు తెలుపే. ఆయన దాన్ని రెండు చేతుల మధ్యా పట్టి లాగి చూశాడు. ఫిట్టరు చెయ్యి అది, లాగితే తెలుస్తుంది. తెగలేదు.

అప్పుడు ఆయన పెళ్ళికొడుకు అన్నయ్య వైపు తిరిగాడు. ఆ రోజు ఆయన మాట్లాడినంత ఎక్కువగా నేను ఎప్పుడూ వినలేదు.

"యుద్దం అయిపోయాక సేద్దారంటన్నావు బాబూ. ఏ యుద్దం? నానూ ఒక యుద్దం అయిపోడానికి ఆగినోణ్ణే. ఇది కొన్నప్పుడు మా ఆడమనిషి పిల్లకి గౌను కుట్టేత్తానంది. మంచి గుడ్డ, పండక్కి కుట్టుదూగాని ఆగు అన్నాను. ఈలోగా బాంబులొచ్చేయి. దీన్ని సంకనెట్టుకుని ఎలమంచిలి దాకా మోసింది. మళ్ళీ ఎనక్కి మోసుకొచ్చింది. గుడ్డకి కంట్రోలెట్టి కార్డుకింతని ఇచ్చిన రోజుల్లో పిల్ల సిరిగిన గౌనేసుకు తిరిగింది, ఇపుడైనా కుట్టనీ అంది. రోజులు బాగుపడనీ అన్నాను. రోజులు బాగుపడ్డాయి. మనిషి లేదు. ఇదిగో, గుడ్డా లేదు. సూడు ఎలా అయిపోనాదో."

ఆ చిరిగిన గౌను వేసుకు తిరిగిన పిల్ల అక్కడే, గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. మా అమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భీమిలి ఆయన చెడ్డవాడేం కాదు, భయపడినవాడు అంతే. మంచం దగ్గరికి వచ్చి ఆ తెల్లగుడ్డను ఆయన కూడా లాగి చూశాడు. చీరకు సరిపోతుందా అని అడిగాడు. మా అమ్మ వచ్చి మూరలు కొలిచింది. ఒక్క ముక్కగా సరిపోదు, మధ్యలో ఒక మడత పోయింది. రెండు ముక్కలు కలిపి కుడితే సరిపోతుంది. అతుకు బొడ్లో దోపుకునే చోటికి వచ్చేట్టు కుడితే కట్టుకున్నాక ఎవరికీ కనపడదు. అలాంటి అతుకు కనపడకుండా వెయ్యాలంటే మిషను కావాలి. అంది గానీ తండ్రి వైపు చూడలేదు.

మిషను మీది దుప్పటి తాతయ్యే తీశాడు. తీసి పిడి తిప్పబోతే అది కదల్లేదు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ ముట్టని ఇనుము, బిగుసుకుపోయింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, తన్ను తానే ఎగతాళి చేసుకునే నవ్వు. "ప్రీవారు మిషను," అన్నాడు. ఆ తర్వాత వాకిట్లో గోనెపట్టా పరుచుకుని, దాన్ని ఏ ముక్కకా ముక్క విప్పి, కిరసనాయిలులో నానబెట్టి, గుడ్డతో తుడిచి, ప్రతి కీలుకూ నూనె పోశాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. అక్క వాళ్ళ నాన్న ఎదురుగా కూర్చుని అడిగిన స్క్రూ అడిగినట్టు అందిస్తూ ఉన్నాడు. అక్క వాళ్ళమ్మ టీ పెట్టి తెచ్చి ఇద్దరి పక్కనా తడుముకుంటూ గ్లాసులు పెట్టింది. సాయంత్రం ఎండ వాలేసరికి పిడి తిరిగింది. టకటకమని మిషను చప్పుడు వినపడగానే ఎదురింటి శనగల ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మా అమ్మమ్మ పోయాక ఆ చప్పుడు వీధిలో మళ్ళీ వినడం అదేనట.

మర్నాడు మా అమ్మ కుట్టడానికి కూర్చుంది. పలచటి గుడ్డ, జారిపోతుంది, రెండు చేతులతోనూ పట్టుకోవాలి. అలాంటప్పుడు పిడి ఇంకొకరు తిప్పాలి. వెనకట అమ్మమ్మ కుట్టినప్పుడు మా అమ్మ తిప్పేదట. తాతయ్య నన్ను పిలిచి మిషను పక్కన పీట వేశాడు. అన్నేళ్ళూ ముట్టుకోవద్దన్న పిడి మీద నా చెయ్యి తీసుకెళ్ళి ఆయనే పెట్టాడు. మెల్లగా, ఒకే వేగంతో తిప్పమన్నాడు. అమ్మ గుడ్డ నడిపిస్తోంది, నేను తిప్పుతున్నాను. అమ్మ మధ్యలో ఒకసారి ఆగి కళ్ళు తుడుచుకుంది. ఎందుకు ఏడుస్తున్నావు అని నేను అడగలేదు. పిడి వదిలేస్తానేమోనని నా భయం నాది.

చీర అయింది, అదే గుడ్డలో జాకెట్టు కూడా వచ్చింది. అక్క వాళ్ళమ్మ చీర ఒళ్ళో వేసుకుని అతుకు కోసం వేళ్ళతో వెతికింది. దొరకలేదు. మళ్ళీ వెతికి, దొరకలేదని అక్కకు చూపించింది. పైమడతల్లో విరిగింది పోగా కాస్త గట్టిగా మిగిలిన పసుపు ముక్కలన్నీ అండాలో వేసి నల్లరంగు పట్టించాం. కర్ర ఈసారి మా అమ్మ చేతిలోనే ఉంది. ఆ ముక్కలకు అతుకులేసి రెండు వాటాల కిటికీలకూ కట్టాం. ఒకే తాను. లోపలిది పెళ్ళికూతురికి తెల్లగా, బయటిది కిటికీకి నల్లగా.

పెళ్ళి పట్టపగలు జరిగింది. దీపాల వేళకు ముందే అందరూ ఇళ్ళకు చేరాలి కదా. వచ్చింది కొద్దిమందే. గుడిలో సగం బల్లలు ఖాళీ. పెళ్ళికొడుకు ఓడ నుంచి నేరుగా వచ్చాడు. గోళ్ళ కింద ఇంజను నూనె అలాగే ఉంది, కోటు మాత్రం వేసుకున్నాడు. అక్క ఆ మల్లుచీరలో తల మీద ముసుగు వేసుకుని నడిచి వచ్చింది. చేతుల మీద నల్లరంగు ఎంత తోమినా పూర్తిగా పోలేదు, మోచేతుల దగ్గర కాస్త మిగిలింది. దాన్ని చూసి ఆయన నవ్వుకుని, తన గోళ్ళు చూపించాడు. అక్క వాళ్ళమ్మ మొదటి బల్లలో కూర్చుని, ఉన్న చూపంతా పెట్టి చూసింది. తెలుపు కనపడుతోంది, తెల్లగా కనపడుతోంది అని పక్కనున్న మా అమ్మకు చెబుతూనే ఉంది.

గుడి మెట్ల మీద టీ, కేకు ముక్క ఇచ్చారు. నేను తాతయ్య పక్కన కూర్చుని కేకు తింటూ, అక్క చీర ప్రీవారు కదా తాతా అన్నాను. అది ఆయనకు సంతోషం కలిగిస్తుందని అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కాదే. అది ఇయాల్టిది," అన్నాడు. టీ గ్లాసు మెట్టు మీద పెట్టి నా వైపు తిరిగాడు. "ఓలే, సెప్తాను ఇను. ప్రీవారని ఆ రోజుల్లో మాకెవలికీ తెలీదు. యుద్దం వచ్చెల్లిపోయాక ఎనక్కి తిరిగి సూసి ఎట్టుకున్న పేరది. ఆ రోజుల్లో మాకది ఉత్త బుదవారం, లచ్చివారం. ఆ గొడుగేటి, గడియారమేటి, రోజూ వాడుకున్నాం కాబట్టి ఇప్పటికీ ఆడతన్నాయి. దాసినవే పోయేయి. మనం ఇప్పుడు కూసున్న రోజు కూడా రేపొద్దున్న దేనికో ఒకదానికి ముందు రోజే అవుద్ది. దేనికో తెలీదు. తెలిస్తే మీ అమ్మమ్మకి ఆ గౌను కుట్టనిచ్చీసుందును."

అంత పెద్ద మాట తొమ్మిదేళ్ళ పిల్లకు ఎంత అర్థమవుతుంది? నాకు అర్థమైంది ఒక్కటే. తాతయ్య కళ్ళలో నీళ్ళున్నాయి, అయినా ఆయన సంతోషంగా ఉన్నాడు. రెండూ ఒకేసారి ఉండవచ్చని ఆ మెట్ల మీదే తెలిసింది. కేకు మీది జీడిపప్పు తీసి ఆయనకిచ్చాను. నా దగ్గరున్నదాంట్లో అదే గొప్పది.

పెళ్ళయిన కొద్ది రోజులకే ఓడకు కదలమని ఆజ్ఞ వచ్చింది. అది వెళ్ళాక యుద్ధం కూడా తొందరగానే అయిపోయింది. ఆ మాత్రం దానికి కాస్త ఆగితే దీపాలు పెట్టుకుని ఘనంగా చేసుకునేవాళ్ళు కదా అని వీధిలో అన్నవాళ్ళున్నారు. అప్పటికి పెళ్ళికొడుకు సముద్రం మీద ఉన్నాడన్నది వాళ్ళు మరిచిపోయారు. ఆ ఓడ మళ్ళీ మా హార్బరుకు వచ్చేసరికి రెండో వానాకాలం వచ్చింది. అప్పటికి అక్క వాళ్ళమ్మకు మనిషి ఎవరో గొంతును బట్టే తెలిసేది. అల్లుడి మొహం ఆవిడ చూసింది ఆ పెళ్ళినాడే. అక్క దగ్గర ఆ మల్లుచీర చాలాకాలం ఉంది. దాచుకోలేదు. ప్రతి ఈస్టరుకీ కట్టింది, పల్చబడ్డాక కూతురికి లంగావోణీలోకి ఓణీ చేసింది, ఆ తర్వాత దాన్నే ముక్కలు చేసి పసిపిల్ల పొత్తిగుడ్డలుగా వాడింది. గుడ్డకు అంతకన్నా మంచి బతుకు ఏముంటుంది?

మా మిషను మీద మళ్ళీ దుప్పటి పడలేదు. మా అమ్మ వీధిలో అందరికీ జాకెట్లు కుట్టింది. తాతయ్య రోజూ పొద్దున్నే దానికి నూనె పోసేవాడు. ప్రీవార్ అన్న మాట ఆయన మానలేదు, ఇష్టమైన మాట కదా. కానీ దాన్ని వాడే తీరు మారింది. ఎవరైనా కొత్త చెంబు కొన్నా, కొత్త చెప్పులు కొన్నా పిలిచి చూసి, వాడండి, ఇదీ ప్రీవారే అనేవాడు. తెలియనివాళ్ళు ముసలాయనకు మతి తప్పిందనుకున్నారు. మేము నవ్వుకునేవాళ్ళం. ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో నాకు పెళ్ళై గాజువాక వచ్చేటప్పుడు, ఆయన ఆ మిషనును తన చేతులతోనే రిక్షాలో పెట్టించాడు. జాగ్రత్తగా చూసుకో అనలేదు. బాగా వాడు అన్నాడు. అదే ఆయన దీవెన.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా కలిగేది కృతజ్ఞత. జీవితమంతా గర్వంగా చెప్పుకున్న వస్తువు చేతిలో చిరుగులు పడుతుంటే, అంతమంది ఎదుట, ఆ వయసులో, నేను తప్పు చేశాను చూడండి అని విప్పి చూపించాడు. పెట్టె మూసేసుకుని ఊరుకోవచ్చు, ఎవరూ అడిగేవారు కాదు. ఆయన ఊరుకుని ఉంటే ఒక పెళ్ళి ఆగిపోయేది, నాకు ఈ బుద్ధి కూడా వచ్చి ఉండేది కాదు. మంచి కప్పులు చుట్టాలకని అద్దాల బీరువాలో పెట్టను. కొత్త చీర ఆ వారంలోనే కడతాను. ఎవరికైనా ఒక మంచిమాట చెప్పాలనిపిస్తే ఫోను చేసి చెప్పేస్తాను. మా పిల్లలు నన్ను తొందరమనిషి అంటారు. అననీ.

మొన్న మా అబ్బాయి పూలపూల గుడ్డ తెచ్చి, పాప పుట్టినరోజుకు గౌను కుట్టమ్మా, ఇంకా చాలా టైముంది, నెమ్మదిగా చెయ్యి అన్నాడు. ఇవాళ బుధవారం. పండగా లేదు, పుట్టినరోజూ కాదు. గౌను మిషను మీద సగంలో ఉంది, పిడి తిప్పడానికి మా మనవరాలు పీట వేసుకుని కూర్చుని నన్ను పిలుస్తోంది. సాయంత్రానికల్లా అయిపోతుంది. అవగానే తొడిగేస్తాను.